ఆపిన కెరటం

పోలయ్య పోయిన రోజున సముద్రం నెమ్మదిగానే ఉంది. గాలి లేదు, మబ్బు లేదు. బడికి బయలుదేరిన దానయ్య మాస్టారు గండిపాలెం ఇసుక మీదుగా నడుస్తూ తమ్ముడి పడవ దగ్గర ఆగాడు. రోజూ ఆగుతాడు. పోలయ్య, ఇంకో ఇద్దరు పడవకి భుజాలు ఆనించి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. ఎవరూ తోయడం లేదు. సముద్రాన్ని చూస్తున్నారు.

గండిపాలెంలో రేవు లేదు, జెట్టీ లేదు. పడవను ఇసుక మీంచి నేరుగా కెరటాల్లోకి తోయాలి. దానికో పద్ధతి ఉంది. పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి గుంపుగా వస్తాయి. అవి పోయాక సముద్రం కాస్త తెరిపి ఇస్తుంది. ఆ తెరిపిలో పడవను తోసి, కెరటం విరిగే చోటు దాటిపోవాలి. తెరిపి వచ్చిందని చెప్పేవాడు పడవకి ఒక్కడే ఉంటాడు. అతను చెప్పేదాకా ఎవరూ కదలరు. చెప్పాక ఎవరూ ఆగరు.

"ఏటన్నా, బడికి ఆలీసమైపోనాది గదా. పిల్లలు నిన్ను బెంచీ ఎక్కిత్తారు," అన్నాడు పోలయ్య, నీటి మీంచి చూపు తిప్పకుండానే.

"నిన్ను పంపేసి ఎల్తాను."

"నన్ను పంపడానికి నువ్వెవలు? గంగమ్మ పంపాల."

పక్కనున్న ఇద్దరూ నవ్వారు. పెద్ద కెరటాలు వచ్చి విరిగి వెనక్కి పోయాయి. నీళ్ళు చదునయ్యాయి. మామూలు తెరిపిలో కూడా చిన్న చిన్న మడతలు ఉంటాయి. ఆ రోజు అవి కూడా లేవు. ఎవరో నూనె పోసి చేత్తో నిమిరినట్టు ఉంది.

"తొయ్యండి!" అన్నాడు పోలయ్య.

పొరుగూరివాడెవడైనా ఆ నీటిని చూసి ఈ రోజు సముద్రం బాగుంది అనుకుని ఊరుకుంటాడు. దాన్ని తెరిపి అని నమ్మి, ప్రాణం దాని చేతిలో పెట్టి, లోపలికి దిగేది గండిపాలెం వాళ్ళు మాత్రమే. పడవ విరిగే చోటికి వెళ్ళింది. అప్పుడు దాని ముందు, దూరం నుంచి రావడం అన్నది లేకుండా, ఉన్నచోటునుంచే ఒక కెరటం లేచింది. తాటిచెట్టు ఎత్తు లేచింది. పోలయ్య వెనక్కి తిరిగి అన్న వైపు చూశాడు. అతని ముఖంలో భయం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. తప్పు చేయనివాడికి దెబ్బ పడితే ఎలా చూస్తాడో అలా చూశాడు.

ఇద్దరు ఈదుకుని బయటపడ్డారు. పడవ రెండు ముక్కలై ఒడ్డుకి వచ్చింది. పోలయ్య రాలేదు.

*

తహసీల్దారు వచ్చాడు. అకాల కెరటం అన్నాడు. సముద్రం మీద ఎవరికి మాత్రం అధికారం ఉంటుంది, అని చేతులు జోడించి వెళ్ళిపోయాడు. ఊరి పెద్దలు కూడా అదే మాట ఇంకో రకంగా అన్నారు. గంగమ్మ తీసుకుంది, శవం దొరకలేదు కాబట్టి సముద్రం వైపు తిరిగి పేరు పెట్టి పిలిచి పెద్దకర్మ చేసేయాలి, ఎర్నమ్మ గాజులు తీసేయాలి.

ఎర్నమ్మ గుమ్మంలో కూర్చుని విన్నది. పోలయ్య భార్య ఆమె. చేతుల నిండా ఎర్రగాజులు.

"గంగమ్మ తీసుకుంటే మునుపు సెప్పి తీసుకుంటాది," అంది. "గాలి మారుత్తాది, నీల్ల రంగు మారుత్తాది. నా మొగుడికి తెల్దా? ఇది గంగమ్మ పని కాదు. ఎవలో పంపినారు. ఆ పంపినోలు వచ్చి ఈ గుమ్మంలో నిలబడి, 'నానే పంపినాను' అనాల. అప్పుడు తీత్తాను గాజులు. అందాకా పెద్దకర్మ నేదు, ఏటీ నేదు."

"పిచ్చిగా మాటాడకే. కెరటాన్ని ఎవలు పంపుతారే?" అన్నాడు ఒక పెద్ద.

"మా బావున్నాడు గదా సదువుకున్నోడు. ఆయన్ని కనుక్కోమను."

దానయ్య టౌను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాడు. భార్య పోయాక ఊరికి తిరిగి వచ్చి తమ్ముడి ఇంటి పక్క గదిలోనే ఉంటున్నాడు. రోజూ తమ్ముడు తెచ్చిన చేప, మరదలు వండిన కూర తిన్నవాడు. ఆ వారం బడిలో తరంగాల పాఠం వచ్చింది. దాన్ని వదిలేసి తర్వాతి పాఠం మొదలుపెట్టాడు. పిల్లలెవరూ అడగలేదు. సగం మంది గండిపాలెం పిల్లలే.

సాయంకాలాలు ఇసుక మీద కూర్చుని చూడడం మొదలుపెట్టాడు. ఆ కెరటం మళ్ళీ వచ్చింది. ముందు నీళ్ళు నూనెలా చదునయ్యేవి. తర్వాత ఒక్కసారిగా గోడలా లేచేది. పడవలు దింపడం అప్పటికే మానేశారు కాబట్టి ఇసుక కోసుకుపోవడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. అయితే అది కొన్ని రోజులు వచ్చేది, కొన్ని రోజులు వచ్చేది కాదు. పౌర్ణమికీ అమావాస్యకీ దానికీ సంబంధం లేదు. ఏ రోజుల్లో రావడం లేదో ఆయనకి ఒక రోజు బడి గంట వింటూ ఉండగా తట్టింది. ఇంటికి వచ్చి ఎర్నమ్మకి చెప్పాడు.

"ఆదివారం రాదు. రెండో శనివారం రాదు. మొన్న గాంధీ జయంతికి రాలేదు."

ఎర్నమ్మ చేప తోముతున్న చెయ్యి ఆపింది. "గంగమ్మకి రెండో శనివారం సెలవా, బావా?"

"గంగమ్మకి కాదు. గవర్నమెంటుకి."

*

గండిపాలేనికి ఉత్తరంగా, బస్సులో ఒక పూట ప్రయాణంలో, చెలమరేవు అని కొత్త ఓడరేవు కడుతున్నారు. సముద్రంలో తేలే గాలిమరలను అక్కడ బిగించి, లోపలికి లాగించి, గాలి నుంచి కరెంటు తీస్తారని పేపర్లలో వస్తూనే ఉంది. అంత పెద్ద గాలిమరలు నిలబెట్టాలంటే రేవులో నీళ్ళు కదలకూడదు. కెరటాలను అడ్డుకునే రాతిగోడ కట్టాలంటే ఏళ్ళు పడుతుంది. గోడ లేకుండానే సముద్రాన్ని నిలబెట్టే యంత్రం తయారైందనీ, దాని పేరు నిశ్చల అనీ, కనిపెట్టింది డాక్టర్ ఉత్పల అనీ టీవీలో చూపించారు.

ఉత్పల దానయ్య శిష్యురాలు. ఆమె చదివే రోజుల్లో దానయ్య టౌనులోనే అద్దెకుండేవాడు. ఆయన సొంత ఊరు ఏదో ఆమె ఎప్పుడూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

దానయ్య చెలమరేవు వెళ్ళాడు. ప్రయోగశాల గుమ్మంలోనే ఆమె ఎదురొచ్చి, వంగి కాళ్ళకి దండం పెట్టబోయింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. మొహమాటం అనుకుని ఆమె నవ్వింది.

"మాస్టారూ, మీరు పళ్ళెంలో నీళ్ళు పోసి రెండు పుల్లలతో కొట్టి చూపించారు, గుర్తుందా? రెండు అలలు కలిసిన చోట నీళ్ళు కదలకుండా నిలబడ్డాయి. ఆ రోజు నుంచి నాకు అదే ధ్యాస. రండి, చూపిస్తాను."

గది పొడవునా గాజు తొట్టి ఉంది. ఒక చివర తెడ్డు కదులుతూ అలలు పుట్టిస్తోంది. తొట్టి అడుగున ఇనప పలకలు వరసగా పేర్చి ఉన్నాయి. ఉత్పల ఒక మీట నొక్కింది. పలకలు ఊపిరి తీస్తున్నట్టు కదిలాయి. తొట్టి మధ్యలో నీళ్ళు గచ్చులా చదునైపోయాయి. ఆమె టీ గ్లాసుతో సహా సాసరు తీసి ఆ నీటి మీద పెట్టింది. అది తొణకలేదు.

"అలను ఆపడం కాదు మాస్టారూ, పట్టుకోవడం. మట్టి తట్టలు మోసే కూలీలు వరసగా నిలబడి ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి అందిస్తారు కదా, అలా. ఈ పలక పట్టుకుని పక్క పలకకి ఇస్తుంది. పైన ఎవరికీ ఏమీ కనబడదు."

దానయ్య తొట్టి వెంట రెండో చివరికి నడిచాడు. అక్కడ ఒక బకెట్టు, తడి గోనెపట్టా ఉన్నాయి. పక్కన స్టూలు మీద అటెండరు కూర్చుని ఉన్నాడు.

"అక్కడ నిలబడకండి సార్, తడుస్తారు," అన్నాడు అటెండరు. "ఈ చివర కాపలా నా డ్యూటీయే."

అతను ఆ మాట అంటుండగానే ఆ చివర నీళ్ళు చదునై, ఒక్కసారిగా లేచి, తొట్టి అంచు దాటి నేల మీద పడ్డాయి. అటెండరు లేచి తుడవసాగాడు.

"ఇది బయట ఏ చివరమ్మా?" అడిగాడు దానయ్య.

ఉత్పల గోడ మీది మ్యాపు దగ్గరికి వెళ్ళి వేలు పెట్టింది. ఆ వేలు కింద తీరం ఉంది. పేరు లేదు.

"ఇక్కడ ఊరేమీ రాయలేదే."

"వినియోగం లేని తీరం అని తీసుకున్నారు. జెట్టీ లేదు, ఐసు ఫ్యాక్టరీ లేదు, లెక్కలో ఉన్న రేవు కాదు. ప్రణాళిక రాజధానిలో తయారైంది, మాస్టారూ. ఉపగ్రహం ఫొటోలో ఇసుక మీద పడవలు కనబడ్డాయని నేనే చూపించాను. 'పాత పడవలు, పారేసి ఉంటారు' అన్నారు."

"నువ్వేమన్నావు?"

"కనీసం సైరన్ పెట్టమన్నాను. అది రెండో దశలో ఉంది."

"మొదటి దశ ఎప్పుడు అయిపోతుంది?"

"మంత్రిగారు ప్రారంభించాక." ఆమె చూపు మ్యాపు మీంచి నేల మీదికి దిగింది. "ఎవరో ఒకాయన పోయాడని పేపర్లో చూశాను. మీ వైపేనా?"

"ఆ వైపే."

"తెలిసినవాళ్ళా?"

"తెలుసు," అన్నాడు. సగం జవాబుకి సగం మార్కులే వేస్తానని పిల్లలతో అనే మనిషి అక్కడితో ఆపేశాడు. ఆమె ఇంకో ప్రశ్న అడిగి ఉంటే చెప్పేవాడేమో. ఆమె అడగలేదు. భయపడే అడగలేదని ఆయనకి అర్థమైంది. అంతవరకు ఆమె మీద ఎక్కడో మిగిలిన వాత్సల్యం అప్పుడు పోయింది.

కంట్రోలు గది కూడా చూపించింది. రేవుకి ఎదురుగా మేడ మీద ఉంది, సముద్రం వైపంతా అద్దాలే. బల్ల మధ్యలో గాజు మూత కింద ఎర్ర పిడి ఉంది.

"ఇదేమిటి?"

"ఒక్కసారిగా ఆపేయడానికి. మామూలుగా మెల్లగా ఆపుతాం, దానికి ఒక పూట పడుతుంది. ఇది లాగితే వరసలో కూలీలంతా ఒకేసారి చేతులు వదిలేసినట్టు. తట్టలన్నీ ఎక్కడివక్కడ కింద పడతాయి. రేవులో పట్టి ఉంచిన కెరటాలన్నీ రేవులోనే లేస్తాయి. ప్రాణాపాయమైతే తప్ప ముట్టుకోకూడదు."

"ఎవరి ప్రాణం?"

మాస్టారు హాస్యమాడారనుకుని ఉత్పల నవ్వింది. ప్రారంభోత్సవానికి తప్పకుండా రావాలనీ, తన పక్కనే కూర్చోవాలనీ, మంత్రిగారికి గురువుగారని చెప్పి పరిచయం చేస్తాననీ అంది.

"వస్తాను," అన్నాడు దానయ్య.

*

ఎర్నమ్మ ఎండు చేపలు తిరగేస్తోంది. ఆయన చెప్పినదంతా తల ఎత్తకుండా విన్నది.

"మేపులో మనూరు ఏస్సినారు గానీ పేరు ఎయ్యలేదన్నమాట."

"ఊరే వెయ్యలేదు. ఇసుక వేశారు."

"మన పడవలు పారేసినవంట!" ఎర్నమ్మ నవ్వింది. "మరి ఆ రేవులో నీల్ల మీద స్టేజీ కడతారన్నావు. మంత్రి ఎక్కుతాడా?"

"ఎక్కుతాడు. కలెక్టరు, ప్రణాళిక రాసినవాళ్ళు, కాంట్రాక్టర్లు, అందరూ. కెరటాలు లేవని చూపించడానికే నీటి మీద వేదిక కడుతున్నారు."

"పిల్లలుంటారా?"

"ఉండరు. పాసులున్న పెద్దవాళ్ళే."

"మరింకేటి? ఆ పిడి లాగీ." చేపను బోర్లించి పెట్టింది. "ఆల్ల నీల్లు ఆలే తాగుతారు." తర్వాత ఆయన ముఖం చూసి పెదవి విరిచింది. "నువ్వు లాగలేవు, బావా. బెత్తం ఎత్తితే నీ సెయ్యే వణుకుతాదని మీ తమ్ముడు నవ్వీవోడు."

"లాగుతాను."

"సూత్తాను."

దానయ్య తన గదిలోకి వెళ్ళాడు. పోలయ్య ముఖం కళ్ళ ముందుకి తెచ్చుకున్నాడు. ఆ ఆశ్చర్యం ఉన్న ముఖం. దాన్ని తర్వాత వాళ్ళందరి ముఖాల మీదా పెట్టి చూసుకున్నాడు. ఎప్పుడూ చూడని మంత్రి ముఖం మీద, కాగితాల వెనక ఉన్న ఎవరెవరివో ముఖాల మీద. ఉత్పల ముఖం మీద కూడా. అది ఆయనకి కడుపు నిండా అన్నం తిన్నట్టు ఉంది. ప్రారంభోత్సవం వచ్చేదాకా రోజూ అదే పని చేశాడు. బడిలో పాఠాలు ఎప్పటిలా చెప్పాడు. ఎవరినీ కసరలేదు. ఈ మధ్య మాస్టారు కాస్త తేరుకున్నారని స్టాఫ్ రూములో అనుకున్నారు.

*

ప్రారంభోత్సవం రోజున చెలమరేవు నీళ్ళు ముగ్గు వేయొచ్చు అన్నట్టు ఉన్నాయి. వేదిక మీద ఎర్ర తివాచీ, పూల కమాను, వెల్వెట్టు కుర్చీలు. ఒడ్డునుంచి వేదికకి ఇనప మెట్లు. అవతల మూడు గాలిమరలు, ఒక్కొక్కటి కొండంత, గాలికి రెక్కలు తిప్పుతూ నిలబడి ఉన్నాయి. వాటిని చూస్తే దానయ్యకి కోపం రాలేదు. అవి అందంగానే ఉన్నాయి. అందుకే ఆయన వాటి వైపు ఎక్కువసేపు చూడలేదు.

గండిపాలెంలో ఆ రోజు ఎవరూ సముద్రం వైపు వెళ్ళొద్దని ముందే చెప్పి వచ్చాడు. ఇక్కడ పలకలు చేతులు వదలకపోతే ఆ కెరటాలు ఖాళీ ఇసుక మీద పడి ఊరుకుంటాయి. ఎవరినీ కాపాడడానికి ఆ పిడి లాగనవసరం లేదు. ఆయనకి అది తెలుసు.

కంట్రోలు గదిలో ఉత్పల, మరో ఇద్దరు కుర్ర ఇంజినీర్లు ఉన్నారు. కింద మంత్రి మాట్లాడుతున్నాడు. గ్లాసు నిండా నీళ్ళు పోయించి వేదిక అంచున పెట్టించాడు. "చూడండి, ఒక్క చుక్క తొణికిందా? ఇదీ మన ప్రభుత్వ పాలన!" అన్నాడు. చప్పట్లు మోగాయి.

దానయ్య లేచి బల్ల దగ్గరికి వెళ్ళి గాజు మూత ఎత్తాడు.

"మాస్టారూ?"

"పేపర్లో చూశానన్నావే, ఒకాయన పోయాడని. ఆయన పేరు పోలయ్య. నా తమ్ముడు." పిడి మీద చెయ్యి వేశాడు. "నువ్వు పంపినది తెరిపి అనుకున్నాడు. నేను ఒడ్డునే ఉన్నాను."

ఉత్పల ముఖం పాలిపోయింది. దానయ్య ఇన్నాళ్ళూ ఊహించుకున్న ముఖం అదే. ఇప్పుడు లాగాలి. చెయ్యి వణికింది. కింద కుర్చీల్లో ఒకాయన విసనకర్రతో విసురుకుంటున్నాడు, ఒకావిడ పక్కావిడ చెవిలో ఏదో చెప్పి నవ్వుతోంది. ఎదురుగా చూస్తూ లాగడం వేరు.

ఆమె ఆ వణుకు చూసింది. అరవలేదు, మీదికి రాలేదు. మైకు అందుకుంది.

"వేదిక మీద ఉన్నవారందరూ వెంటనే ఒడ్డుకి రావాలి. యంత్రంలో లోపం. వెంటనే." కుర్ర ఇంజినీర్ల వైపు తిరిగి, "పరిగెత్తండి. దగ్గరుండి ఎక్కించండి," అంది. వాళ్ళు మెట్ల మీద దబదబా దిగిపోయారు.

జనం లేచారు. గొణుక్కుంటూ, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ మెట్లెక్కుతున్నారు. వేదిక ఖాళీ అవుతోంది. ఉత్పల దానయ్య చేతి మీద తన చెయ్యి వేయలేదు. పక్కన నిలబడి, మెల్లగా మాట్లాడింది. "నేను గండిపాలెం వస్తాను, మాస్టారూ. మీరెక్కడ నిలబడమంటే అక్కడ నిలబడతాను. పిడి వదిలేయండి."

ఆయన వేళ్ళు సడలాయి. నిజంగానే సడలాయి.

మంత్రి ఆఖరున, చెప్పులు చేత్తో పట్టుకుని, పక్కవాళ్ళతో నవ్వుతూ మెట్ల దగ్గరికి వచ్చాడు. ఒడ్డున వ్యాఖ్యాత మైకులో అన్నాడు: "చిన్న సాంకేతిక అంతరాయం. ఎవరూ కంగారు పడవద్దు. కార్యక్రమం భోజనాల తర్వాత కొనసాగుతుంది."

భోజనాల తర్వాత. దానయ్యకి ఆ రెండు మాటలే వినబడ్డాయి. ఆయన మనసులో మంచీ చెడూ ఏమీ లేదు, ఒకటే ఉంది. మంత్రి ఇంకా మెట్ల మీదే ఉన్నాడు, వాడి కాళ్ళయినా తడవాలి.

"ఆగండి, మాస్టారూ! వేదిక కింద ఎవరైనా ఉన్నారేమో చూడనివ్వండి, ఒక్క నిమిషం—"

లాగేశాడు.

నీళ్ళు ఒక క్షణం అలాగే ఉన్నాయి. తర్వాత రేవంతా ఒకేసారి లేచింది. కమాను, కుర్చీలు, ఎర్ర తివాచీ ఒక దాని మీద ఒకటి తిరగబడి పైకి లేచి గోడకి కొట్టుకున్నాయి. వేదిక మధ్యకి విరిగింది. మంత్రిని ఎవరో రెక్క పట్టుకుని పైకి లాగారు. ఆయన పంచె మోకాళ్ళ దాకా తడిసింది. అంతే తడిసింది.

దానయ్య ఊపిరి పీల్చుకున్నాడు. ఒంట్లో ఎన్నాళ్ళనుంచో బిగుసుకుని ఉన్నదేదో వదిలింది. హాయిగా ఉంది. ఆ హాయి, కిందనుంచి ఎవరో "మనిషి! మనిషి!" అని అరిచేదాకా ఉంది.

*

అతని పేరు నిమ్మక సింగన్న. వేదిక తాళ్ళు బిగించే పనివాడు. మెట్ల కింద నీడ ఉంటుందని తాళ్ళ పడవలో కూర్చుని క్యారేజీ విప్పుకున్నాడు. మైకులో రమ్మన్నది వేదిక మీద ఉన్నవాళ్ళని కదా, తనని కూడా అనుకోలేదు. పార్వతీపురం దాటాక కొండల్లో ఉన్న గుమ్మడిగూడ నుంచి వచ్చాడు. సముద్రం అతను అంతకు ముందు చూడలేదట. చెలమరేవులో చదునుగా పడి ఉన్న ఆ నీళ్ళే సముద్రమనుకున్నాడని అతనితో పనిచేసినవాళ్ళు చెప్పారు. శవం దొరికింది.

పోలీసులు మేడ మీదికి వచ్చినప్పుడు దానయ్య ఇంకా బల్ల దగ్గరే ఉన్నాడు. అక్కడి కెమెరాలన్నీ సముద్రం వైపు చూసేవే. కుర్ర ఇంజినీర్లు లాగేటప్పుడు అక్కడ లేరు, ఉత్పల మాటకి ఎదురూ చెప్పలేదు.

"పిడి ఎవరు లాగారు?" అడిగాడు ఎస్సై.

"నేను," అంది ఉత్పల.

దానయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. రాలేదని తర్వాత చాలాసార్లు తనకి తాను చెప్పుకున్నాడు. రానివ్వలేదన్నది సరైన మాట.

"ఈయన మా మాస్టారు. చూడ్డానికి వచ్చారు," అంది ఉత్పల. ఎస్సై ఆయనకి కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, జీపులో బస్టాండు దాకా పంపించాడు.

నిశ్చల ఆగింది. విచారణ సంఘం కూర్చుంది. గండిపాలెంలో మళ్ళీ మామూలు తెరిపి వచ్చింది, మడతలున్న తెరిపి. పడవలు దిగాయి.

బెయిలు దొరికాక ఉత్పల ఒక్కర్తీ బస్సు దిగి, ఇసుకలో నడిచి వచ్చింది. ఎర్నమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. దానయ్య తన గది గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను ఉత్పలని. ఆ కెరటాన్ని ఇటు పంపింది నేనే," అంది.

"గట్టిగా సెప్పు. ఈదిలోకి ఇనబడాల."

ఉత్పల గట్టిగా చెప్పింది. వీధి అరుగుల మీద వలలు అల్లుకుంటున్నవాళ్ళు చేతులు ఆపారు.

"ఇక్కడ మనుసులున్నారని తెల్సా నీకు?"

"అనుమానం ఉంది. గట్టిగా అడగలేదు."

ఎర్నమ్మ ఆమెని తలనుంచి కాళ్ళదాకా చూసింది. లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి గడప అవతల పెట్టింది. "ఇన్నాను. ఎండన పడి వచ్చినావు, తాగి ఎల్లు. నా ఇంట్లో కూకోమని మాత్రం అనను."

ఉత్పల నిలబడే తాగింది. దానయ్య ఆమె వెంట రోడ్డు దాకా నడిచాడు.

"ఎందుకమ్మా అలా చెప్పావు? లాగింది నేను కదా."

బస్సు వచ్చింది. ఎక్కుతూ ఆమె వెనక్కి తిరిగింది. "మొదట పంపింది నేను, అందుకు. అయినా ఆగమన్నాను కదా, మాస్టారూ," అంది.

మర్నాడు ఎర్నమ్మ సముద్రం ఒడ్డున నిలబడి పోలయ్యని పేరు పెట్టి పిలిచింది. గాజులు తీసేసింది. పెద్దకర్మ అయింది. ఊరంతా భోంచేసింది. అందరూ వెళ్ళాక, గిన్నెలు బోర్లిస్తూ అడిగింది.

"మరి ఆ కొండోడికి పెల్లామున్నాదా, బావా?"

"ఉందట."

"ఆవిడ గుమ్మం కాడికి ఎవలు ఎల్తారు?"

"సెలవులకి నేను వెళ్తాను," అన్నాడు.

ఎర్నమ్మ ఈసారి 'సూత్తాను' అనలేదు. గిన్నె బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఆయన పళ్ళెంలో కూర వడ్డిస్తూనే ఉంది గానీ, ఆయనతో హాస్యమాడటం మానేసింది.

విచారణ సంఘం నివేదిక వచ్చింది. అందులో సాంకేతిక లోపం అని ఉంది. ఉత్పల కేసు ఇంకా నడుస్తోంది. నిశ్చలను మళ్ళీ మొదలుపెడతారని, ఈసారి గండిపాలెంలో సైరన్ పెడతారని అంటున్నారు. గుమ్మడిగూడకి పార్వతీపురం నుంచి పొద్దున ఒక బస్సు ఉంది, దిగాక కొంత దూరం కొండ ఎక్కాలి. దానయ్య మాస్టారు ఈ సంగతులన్నీ కనుక్కుని ఉంచుకున్నాడు. సంక్షేమ హాస్టల్లో చదివే ఆ వైపు పిల్లవాడొకడు దారి కూడా చెప్పాడు.

సంవత్సరం పరీక్షలయ్యాయి. వేసవి సెలవులు వచ్చాయి, అయిపోయాయి. బడి తెరిచారు. సింగన్న ఇంటి గుమ్మంలో నిలబడి 'నేనే పంపాను' అని ఎవరూ చెప్పలేదు. దానయ్య మాస్టారు ఇంకా ఆ ఊరు వెళ్ళలేదు.